గాడిలో పరుగు: స్లాట్ కార్లు నేర్పే ఇంజనీరింగ్

"వాడు గాడి తప్పాడ్రా" అని మనవైపు పెద్దవాళ్లు అన్నారంటే అది మెచ్చుకోలు కాదని అందరికీ తెలుసు. ఎడ్లబండి చక్రాలు తిరిగి తిరిగి మట్టిబాటలో పడిన చాలునే గాడి అంటాం. బండి ఒకసారి అందులో పడిందంటే తోలేవాడు కాస్త కునుకు తీసినా దారి తప్పదు. అలాంటి గాడినే ఒక చెక్క మీద తవ్వి, అరచేతిలో పట్టేంత కారును అందులో నిలబెట్టి, కరెంటుతో పరుగెత్తిస్తే ఆ ఆట పేరు స్లాట్ కార్ రేసింగ్. ఒక్క తేడా ఉంది. ఇక్కడ తోలేవాడు కునుకు తీస్తే కారు గాడిలోంచి ఎగిరి గోడకు కొట్టుకుంటుంది.

చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కానీ మనం సెమిస్టర్ తర్వాత సెమిస్టర్ చదివి, పరీక్ష రాసి, మర్చిపోయే పాఠాలు చాలావరకు ఆ బల్ల మీద కళ్ల ముందే జరుగుతాయి. ఇంతకీ అదెలా పనిచేస్తుంది, కారుకు మెరుగులు ఎలా దిద్దుతారు, ఒకప్పుడు ఊపు మీదున్న ఈ ఆట ఎందుకు చతికిలపడింది, మన క్యాంపస్‌లో కట్టాలంటే ఏం చేయాలి? వరసగా చూద్దాం.

స్టీరింగ్ లేని కారు

కారు ముందు భాగంలో, అడుగున, నాలుక లాంటి చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని గైడ్ అంటారు. అది గాడిలోకి దిగి కారుకు దారి చూపిస్తుంది. గైడ్‌కు రెండు పక్కలా సన్నని రాగితీగలతో అల్లిన జడల్లాంటివి రెండుంటాయి. గాడికి అటూ ఇటూ పరిచిన రెండు లోహపు పట్టీలను అవి రాసుకుంటూ పోతాయి. ఒక పట్టీ నుంచి కరెంటు వచ్చి, మోటారులోంచి పోయి, రెండో పట్టీ గుండా వెనక్కి వెళ్తుంది. ఎలక్ట్రిక్ రైలుకు నెత్తిమీద పాంటోగ్రాఫ్ ఎలాగో దీనికి కడుపు కింద ఈ జడలు అలాగ. కారులో బ్యాటరీ ఉండదు. కాబట్టి బరువూ ఉండదు, ఆట మధ్యలో చార్జింగ్ అయిపోవడమూ ఉండదు.

స్టీరింగ్ పని గాడి చూసుకుంటుంది కాబట్టి ఆడేవాడికి మిగిలింది ఒక్క వేలి పనే. చేతిలో తుపాకీ ఆకారంలో కంట్రోలర్ ఉంటుంది. ట్రిగ్గర్ ఎంత నొక్కితే మోటారుకు అంత వోల్టేజి. పాత కంట్రోలర్లలో రియోస్టాట్ ఉండేది, ఇప్పటివాటిలో ఎలక్ట్రానిక్స్ వచ్చాయి.

మరి బ్రేకు? అసలు సొగసంతా అక్కడే ఉంది. కారులో బ్రేక్ షూలు, డిస్కులు ఏమీ ఉండవు. ట్రిగ్గర్ పూర్తిగా వదిలేయగానే కంట్రోలర్ సప్లైని తెంచేసి, ట్రాక్‌లోని రెండు పట్టీలనూ ఒకదానికొకటి కలిపేస్తుంది. అప్పటికి మోటారు వేగంగా తిరుగుతూనే ఉంటుంది కదా, సప్లై పోవడంతో అది జనరేటర్‌గా మారుతుంది. అందులో పుట్టిన కరెంటు ఆ మూసిన సర్క్యూట్‌లోనే తిరిగి, తనను పుట్టించిన కదలికనే అడ్డుకుంటుంది. లెంజ్ నియమం అంటే ఇదే. వైవాలో "బ్యాక్ ఈఎంఎఫ్ అంటే ఏంటి?" అని అడిగితే గుటకలు మింగే మనం, ఆ కారు టక్కున ఆగడం ఒక్కసారి చూస్తే ఇక మర్చిపోం. ఇలాంటి కంట్రోలర్‌కు మూడు తీగలు ఉండేది కూడా అందుకే. ఒకటి సప్లైకి, ఒకటి ట్రాక్‌కు, ఒకటి బ్రేకుకు.

ఎక్కడ మొదలైంది

అమెరికాలో బొమ్మ రైళ్లు చేసే లయొనెల్ కంపెనీ 1912లోనే కరెంటుతో నడిచే బొమ్మ రేసుకార్లు అమ్మింది. అవి మూడేళ్లకే ఆగిపోయాయి. ఈ ఆట ఇంటింటికీ చేరింది మాత్రం ఇంగ్లండు నుంచి. అక్కడ ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆయనకు మినీమోడల్స్ అనే బొమ్మల కంపెనీ ఉండేది. 1952లో ఆయన స్కేలెక్స్ పేరుతో స్ప్రింగుతో నడిచే రేకు కార్లు మార్కెట్లోకి తెచ్చాడు. వాటికే చిన్న మోటార్లు బిగించి, గాడి ఉన్న ట్రాక్ జోడించి, 1957లో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో పెట్టాడు. స్కేలెక్స్‌కు ఎలక్ట్రిక్ కలిపి పెట్టిన పేరే స్కేలెక్స్‌ట్రిక్. మరుసటి ఏడాదే ఆ కంపెనీని లైన్స్ బ్రదర్స్ అనే పెద్ద బొమ్మల సంస్థ కొనేసింది. ఆ పేరుతో కార్లు ఇప్పటికీ వస్తున్నాయి.

వీటిలో ప్రధానంగా మూడు సైజులున్నాయి. అసలు కారులో 24వ వంతు ఉండేవి క్లబ్బుల పెద్ద ట్రాకుల మీద, 32వ వంతు ఉండేవి ఇళ్లలోనూ క్లబ్బుల్లోనూ, 64వ వంతుకు అటూ ఇటూగా ఉండే అగ్గిపెట్టె సైజువి బల్లల మీద తిరుగుతాయి. 2004 తర్వాత డిజిటల్ సెట్లు కూడా వచ్చాయి. వాటిలో ఒకే గాడిలో రెండు మూడు కార్లు పరుగెత్తొచ్చు, మధ్యలో గాడి మారి ఓవర్‌టేక్ చేయొచ్చు.

మలుపులో లెక్క

గిద్దలూరు నుంచి నంద్యాలకు నల్లమల ఘాట్‌లో బస్సెక్కినవాళ్లు డ్రైవర్ కాలు ఎప్పుడైనా గమనించారా? మలుపులోకి దిగాక కాదు, దిగకముందే యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు. స్లాట్ కారుకూ అదే సూత్రం. అయితే చిన్న కారు విషయంలో లెక్క కొంచెం విచిత్రంగా ఉంటుంది.

40 మీటర్ల వ్యాసార్థం ఉన్న చదునైన మలుపు ఒకటి ఊహించుకోండి. టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం 0.8 అనుకుందాం. జారకుండా పోగల గరిష్ఠ వేగం కావాలంటే ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణం, వ్యాసార్థం ఈ మూడింటినీ గుణించి వర్గమూలం తీయాలి. సెకనుకు 17.7 మీటర్లు, అంటే గంటకు సుమారు 64 కిలోమీటర్లు వస్తుంది. ఇప్పుడు అదే మలుపును 32వ వంతుకు తగ్గిస్తే వ్యాసార్థం 1.25 మీటర్లు. వేగం సెకనుకు 3.13 మీటర్లు, గంటకు 11 కిలోమీటర్ల పైచిలుకు. దూరం 32 రెట్లు తగ్గితే వేగం 32 రెట్లు తగ్గలేదు, 5.66 రెట్లే తగ్గింది. 32 వర్గమూలం అంతే కదా. భూమి ఆకర్షణ చిన్న కారు కోసమని చిన్నదైపోదు మరి!

"మా కారు అసలు కొలతల్లో 360 కిలోమీటర్ల వేగంతో పోతుంది" అని కొందరు గొప్పలు చెప్తుంటారు. ఆ 11 పైచిలుకును 32తో హెచ్చవేస్తే ఆ అంకె వస్తుంది. మలుపు మాత్రం ఆ లెక్క ఒప్పుకోదు.

ఇందులోంచే ఇంకో సంగతి బయటపడుతుంది. కాలం కూడా 5.66 రెట్లు కుదించుకుపోతుంది. నిజం కారులో ఒక సెకను తీసుకునే నిర్ణయానికి ఇక్కడ దొరికేది 0.18 సెకను. మనిషి కన్ను చూసి, వేలు కదిలించడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. అంటే మలుపు చూశాక వేలు తీద్దామనుకుంటే అప్పటికే కారు బల్ల కింద ఉంటుంది. కాబట్టి ఈ ఆటలో ఆరితేరినవాళ్లు కారును చూసి స్పందించరు. ఏ మలుపుకు ఎంత ముందు వేలు వదలాలో ట్రాక్ మొత్తం బట్టీ పట్టి ఉంటారు. కొత్తవాళ్లు ఎంత నొక్కాలా అని చూస్తారు, పాతవాళ్లు ఎక్కడ వదలాలా అని చూస్తారు.

కారుకు మెరుగులు

తాటిముంజెలు తినేసి కాయల్ని పారేయకుండా, రెండిటినీ పుల్లతో కలిపి, పంగల కర్రతో తోసుకుంటూ వీధంతా తిరిగిన పిల్లలకు "కస్టమైజేషన్" అనే మాట తెలియకపోవచ్చు. చేసింది మాత్రం అదే. ఏ కాయలు సమంగా గుండ్రంగా ఉన్నాయో ఏరుకోవడం, పుల్ల సరిగ్గా నడిమధ్య దిగేలా గుచ్చడం, బండి ఒక పక్కకు లాగుతుంటే మార్చి చూడటం. స్లాట్ కారు పని కూడా అక్కణ్నుంచే మొదలవుతుంది, చక్రాల నుంచి.

కొత్త కారు టైర్లు పూర్తి గుండ్రంగా ఉండకపోవచ్చు. అందుకని మోటారు నడుస్తుండగా వెనక టైర్లను సన్నరకం గరుకు కాగితం మీద తేలిగ్గా ఆనించి అరగదీస్తారు. టైరు ఉపరితలం మొత్తం నేలకు తాకేలా అయ్యాక పట్టు పెరుగుతుంది. రేసుకు ముందు టైర్లను జిగురు టేపు మీద దొర్లిస్తే దుమ్ము పోతుంది. పైసా ఖర్చు లేని ఈ పనికి వచ్చే ఫలితం చూస్తే ఆశ్చర్యపోతారు.

తర్వాత బాడీ స్క్రూలు. వాటిని బిగించి ఉంచడం కంటే అర చుట్టు వదులు చేయడం మేలు. ఛాసీ వణుకు బాడీకి, బాడీ ఊపు ఛాసీకి అంటకుండా ఉంటాయి. గైడ్ పక్కనున్న జడలను చదునుగా వంచితే కరెంటు తెగకుండా అందుతుంది.

బరువు సంగతి ఆసక్తిగా ఉంటుంది. పైన చెప్పిన మలుపు లెక్కలో ద్రవ్యరాశి రానే లేదు, గమనించారా? మరి కారుకు అడుగున సీసపు రేకులు ఎందుకు అంటిస్తారు? జారకుండా కాదు, బోర్లా పడకుండా. కారు గురుత్వ కేంద్రం ఎంత కిందకు దిగితే, చక్రాల మధ్య వెడల్పు ఎంత ఎక్కువైతే అది అంత తేలిగ్గా తిరగబడదు. ముందు వైపు కాస్త బరువుంటే గైడ్ కూడా గాడిలోంచి లేవదు. పల్లెవెలుగు బస్సు బాడీ చేసి స్లాట్ కారుకు తొడగాలని ఎవరికైనా సరదా పుడితే ఈ లెక్క ముందుగా వేసుకోవాలి. పొడుగు బండి మలుపులో ముందు పొర్లుతుంది, తర్వాతే జారుతుంది. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం మాత్రం మర్చిపోకండి.

గేర్ల దగ్గర మెకానికల్ వాళ్లకు పండగే. మోటారు మీద 9 పళ్ల పినియన్, ఇరుసు మీద 27 పళ్ల గేరు ఉంటే నిష్పత్తి మూడుకు ఒకటి. మోటారు 18,000 ఆర్‌పీఎం తిరిగితే ఇరుసు 6,000 తిరుగుతుంది. టైరు వ్యాసం 20 మిల్లీమీటర్లయితే వేగం సెకనుకు 6.3 మీటర్ల దాకా రావచ్చు. ఇది కాగితం మీద లెక్క, లోడు పడితే తగ్గుతుంది. 27 తీసి 24 పళ్లది పెడితే పైవేగం పెరిగి, మలుపు దాటాక అందుకునే ఊపు తగ్గుతుంది. మలుపులు ఎక్కువున్న ట్రాక్‌కు ఒక గేరు, పొడుగు దారికి ఇంకో గేరు.

ఇక అయస్కాంతం. చాలా సెట్లలో ప్లాస్టిక్ ట్రాక్‌లోని పట్టీలు ఇనుముతో చేసినవి. కారు కింద చిన్న అయస్కాంతం పెడితే అది ట్రాక్‌ను కరచుకుని ఉంటుంది, మలుపులో వేలు వదలాల్సిన పని చాలావరకు తప్పుతుంది. చిన్నపిల్లలకు బాగుంటుంది. అయితే ఆటలోని విద్య అంతా అయస్కాంతమే తినేస్తుందని చాలా క్లబ్బులు దాన్ని పీకేయిస్తాయి. చెక్క ట్రాక్‌ల మీద రాగి టేపు వాడితే ఆ గొడవే ఉండదు, రాగిని అయస్కాంతం పట్టదు.

బొమ్మలు వేసేవాళ్లకు కూడా ఇక్కడ పని ఉంది. పోటీ కార్ల బాడీలను పల్చటి పారదర్శక పాలీకార్బనేట్ షీటుతో చేసి, రంగు లోపలి వైపు నుంచి వేస్తారు. అద్దం వెనక బొమ్మ గీసేవాళ్లలాగ క్రమం తిరగేయాలి. గీతలు, అంకెలు ముందు వేసి, నేల రంగు చివర్న పూయాలి. బయట ఎంత గీసుకుపోయినా రంగు చెక్కుచెదరదు.

వేగమే ఆటకు అడ్డమైన వేళ

1960లలో అమెరికాలో ఈ ఆట విపరీతంగా పాకింది. గంటకింత అని డబ్బు తీసుకుని ఆడనిచ్చే ట్రాక్ హాళ్లు వేలల్లో వెలిశాయి. ఆ దశాబ్దం ముగిసేసరికి వాటిలో చాలా మూతపడ్డాయి. కారణాలు ఒకటి కాదు. అందులో ఒకటి మాత్రం మన మోటార్ వైండింగ్ షాపుల వాళ్లకు ఇట్టే అర్థమయ్యేది.

బోరు మోటారు కాలితే మన ఊళ్లలో ఏం చేస్తాం? వైండింగ్ షాపుకు మోసుకుపోతాం. అక్కడి ఆటగాళ్లు కాలని మోటార్లనే విప్పి కొత్తగా చుట్టడం మొదలుపెట్టారు. ఆర్మేచర్ మీద చుట్లు తగ్గించి, తీగ లావు పెంచితే అదే వోల్టేజికి ఆర్‌పీఎం పెరుగుతుంది. ఎందుకంటే చుట్లు తగ్గితే అంతే వేగానికి పుట్టే బ్యాక్ ఈఎంఎఫ్ తగ్గుతుంది, సప్లైతో సరితూగడానికి మోటారు ఇంకా వేగంగా తిరగాలి. కరెంటూ వేడీ కూడా పెరుగుతాయి, అది వేరే సంగతి. దాని వెంట కొత్త ఛాసీలు, కొత్త టైర్లు. పోటీ వేలి మీంచి జేబు మీదికి మారింది. సెలవురోజు సరదాగా వచ్చిన కుర్రాడు తను కొన్న కారు పెట్టేసరికి, పక్క గాడిలో కంటికి ఆనని వేగంతో ఇంకోటి దూసుకుపోయేది. వాడు మళ్లీ ఎందుకొస్తాడు?

ఆ వేగం ఇప్పుడు ఎక్కడిదాకా వెళ్లిందంటే, 155 అడుగుల చుట్టుకొలత ఉండే ప్రసిద్ధ కింగ్ ట్రాక్ మీద మేటి కార్లు ఒక చుట్టును ఒకటిన్నర సెకను లోపే ముగిస్తాయి. సగటున గంటకు 113 కిలోమీటర్ల పైనే. ఇది హెచ్చవేసిన లెక్క కాదు, అచ్చంగా అంత వేగం. వాలు మలుపులు, ట్రాక్ మీద జిగురు, గాలిని నొక్కిపట్టే రెక్కలు ఉంటేనే అది సాధ్యం. అద్భుతమే, కాదనను. కానీ అది చూసి ఔరా అనుకునేవాళ్లు ఎక్కువ, ఆడేవాళ్లు తక్కువ.

ఆ దెబ్బ తర్వాత కూడా బతికి బట్టకట్టిన క్లబ్బులను చూస్తే చాలా వాటిలో ఒక పోలిక కనిపిస్తుంది. అవి నిబంధనలు రాసుకున్నాయి. ఈ తరగతిలో అందరిదీ ఒకే మోటారు, ఒకే గేరు, ఇంతే వోల్టేజి. మోటారు విప్పితే పోటీ నుంచి బయటికి. కట్టడి ఉన్నచోటే నైపుణ్యానికి విలువ దక్కింది.

మన క్యాంపస్‌లో కడితే

దిగుమతి సెట్ల ధర స్టూడెంట్ జేబుకు బరువే. చెక్క ట్రాక్ మనమే కట్టుకోవచ్చు. ఎండీఎఫ్ గానీ ప్లైవుడ్ గానీ 12 మిల్లీమీటర్ల షీట్లు, రౌటర్ మిషన్ ఉన్న వడ్రంగి ఉంటే గాడి తవ్వేయొచ్చు. 32వ వంతు కార్లకు గాడి 3 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల లోతు సరిపోతుంది. రెండు గాడుల మధ్య 10 సెంటీమీటర్లు వదలండి. అటూ ఇటూ రాగి టేపు అంటించాలి.

ఇక్కడ ఒక తమాషా లెక్క. రెండు గాడుల మధ్య 10 సెంటీమీటర్లుంటే, లోపలి దాని కంటే బయటి గాడి ఒక చుట్టుకు ఎంత పొడుగు? రెండు పై గుణించు 10, అంటే దాదాపు 63 సెంటీమీటర్లు. ట్రాక్ గది అంత ఉన్నా, గ్రౌండంత ఉన్నా తేడా అదే! ఎనిమిది అంకె ఆకారంలో కడితే ఒక పక్క కలిసొచ్చింది ఇంకో పక్క పోయి సమం అవుతుంది. మామూలు ట్రాక్ అయితే ప్రతి ఒక్కరూ ప్రతి గాడిలోనూ అంతే సేపు ఆడి, మొత్తం చుట్లు కూడాలి.

35 మైక్రాన్ల మందం, 5 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న రాగి టేపుకు మీటరుకు సుమారు 0.1 ఓమ్ నిరోధం ఉంటుంది. కాబట్టి ట్రాక్ పొడుగైతే దూరపు కొసన కారు నీరసిస్తుంది. సప్లై నుంచి రెండు మూడు చోట్లకు లావుపాటి తీగలు వేస్తే సరి. ప్రతి గాడికీ ఫ్యూజు తప్పనిసరి. ప్రాజెక్టులకు దొరికే చవక 130 సైజు మోటార్లు చాలావరకు 3 నుంచి 6 వోల్టులకు చేసినవి. వాటికి 12 వోల్టులు ఇస్తే పొగే. మోటారు ఏది తట్టుకుంటే సప్లై అంతే పెట్టుకోవాలి.

నిబంధనలు కూడా మొదటి రోజే రాసుకుందాం. మోటార్లు అందరికీ ఒకే రకం, సీలు వేసి, చీటీలు తీసి పంచాలి. అయస్కాంతాలు వద్దు. గేర్లు, బరువులు, బాడీలు ఎవరిష్టం వాళ్లది. తన రేసు అయిపోయినవాడు తర్వాతి రేసులో మలుపు దగ్గర నిలబడి, గాడి తప్పిన కార్లను తిరిగి పెట్టాలి. ఎంత గెలిచినవాడైనా సరే, ఈ పని ఎగ్గొడితే వాడి చుట్లు లెక్కలోకి రావు.

ట్రిపుల్ఈ వాళ్లు కంట్రోలర్లు, మెకానికల్ వాళ్లు ఛాసీలు, ఈసీఈ వాళ్లు ఆర్డుయినోతో చుట్లు లెక్కపెట్టే సెన్సర్లు, సీఎస్‌ఈ వాళ్లు స్కోరుబోర్డు. సెన్సర్ మొరాయిస్తే మన మార్కాపురం పలక ఉండనే ఉంది. తెలుగులో కామెంటరీ మా క్లబ్ బాధ్యత.

రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొచ్చి, రిపోర్టు ప్రింటు తీసి, వైవాకు ముందురోజు రాత్రి అదేంటో కనుక్కునే అలవాటు ఇంజనీరింగ్ కాలేజీలకు కొత్తేం కాదు. ఈ ట్రాక్ మీద ఆ పప్పులు ఉడకవు. టైరు అరగదీసింది మీరే అయితే మలుపులో తెలుస్తుంది, కాకపోయినా తెలుస్తుంది. రెండు ప్లైవుడ్ షీట్లు, ఒక ఖాళీ గది, ఓ పదిమంది చాలు. మొదట పట్టా మీద పెన్సిల్ గీత గీయాలి, ఎన్ని మలుపులు, ఎక్కడెక్కడ అని. ఆసక్తి ఉన్నవాళ్లు గీసుకుని రండి.